ఇరవై మూడు కన్నాలు

మోసుల్ పాతబస్తీలో మా సందు పొడవునా
ఇరవై మూడు కన్నాలు లెక్కపెట్టాను.
నేను ధన్నూన్‌ని, తాపీ మేస్త్రీని.
కన్నానికింత అని మాట్లాడుకుని
ఒక్కోటీ పూడుస్తూ వస్తున్నాను.

కన్నం వేసేవాడు రాత్రి వస్తాడని, చప్పుడు చెయ్యడని
చిన్నప్పుడు విన్నాం.
వీళ్లు పట్టపగలు సమ్మెటలతో వచ్చారు.
వీధిలో అడుగుపెడితే తూటా,
అందుకని నల్లగుడ్డల వాళ్లు
ఇంట్లోంచి ఇంట్లోకి గోడలు తవ్వుకుంటూ పోయారు,
మనిషి తుపాకీతో సహా వంగితే పట్టేంత.
వాటిలో మా నాన్న కట్టిన గోడలు కొన్ని.
మూరెడు మందం. ఒక పట్టాన లొంగలేదని
తిట్టుకున్నారట.
అది విని కొంచెం గర్వపడ్డాను, సిగ్గులేకుండా.

తర్వాత సైన్యం వచ్చింది.
అదీ తలుపు తట్టలేదు.
తలుపు వెనక తీగ ఉంటుందని, తీగ చివర చావుంటుందని
వాళ్లూ కన్నాల్లోంచే వచ్చారు.
ఉమ్ ఖుతైబా ఇంట్లోకి బట్టల బీరువాలోంచి దిగారు,
వేలాడే కోట్లు పక్కకి జరిపి
దక్షిణాది యాసలో
"ఎవరైనా ఉన్నారా, పిన్నీ?" అంటూ.
ఒకడు పిండితొట్టి దాటబోయి అంచు తొక్కాడు,
మన్నించమన్నాడు.
ఆనక అదే తొట్టిలో ఇనపచువ్వ గుచ్చి తిప్పాడు.

పరుపులు కోశారు.
నేలమాళిగలోకి టార్చి దించి, ఎవరి పేరూ తెలియక
ఊరికే అరిచారు.
మగవాళ్లను వరసలో నిలబెట్టి
చొక్కాలు విప్పమన్నారు.

భుజం చూస్తారు,
తుపాకీ మడమ తన్నిన చోట కమిలి ఉంటుందని.

ఖుతైబాకి పదహారేళ్లు.
కుడిభుజం మీద అరచేయంత నీలం.

అది నీళ్లది.
మూడు వారాలు సందంతటికీ ఒకటే బావి,
హాజీ సర్హాన్ ఇంట్లోది.
వీడు కేనుకి తాడు కట్టి భుజాన వేసుకుని
అవే కన్నాల్లోంచి దూరి ఇల్లిల్లూ తిరిగాడు,
మంచాల కిందనుంచి, వంటగదుల్లోంచి,
ఒకచోట పురిటిగదిలోంచి, కళ్లు మూసుకుని.
తాడు ఒరుసుకుంది, అంతే.
ఆ మాట పదిమందిమి చెప్పాం.
పదిమంది మాట
ఒక మచ్చ ముందు నిలవలేదు.

లారీ ఎక్కించారు.
గోడమీద ఎర్రరంగుతో "సోదా అయింది" అని రాసి,
తేదీ వేసి వెళ్లారు.

ఆ గోడే ఇప్పుడు నా ముందుంది.
అటుపక్క ఖౌలా: "మూసెయ్యి మేస్త్రీ, ఇవాళే.
రాత్రిళ్లు ఆ కన్నం నన్నే చూస్తుంటుంది."
ఇటుపక్క ఉమ్ ఖుతైబా ఏమీ అనదు,
కన్నానికి అడ్డంగా కుర్చీ వేసుకుని
ఉల్లిపాయలు తరుగుతుంది.
జిప్సం కలిపాక ఆగదు, చూస్తుండగానే బిగుస్తుంది.
మూడు తట్టలు అలా గడ్డకట్టాయి. పారబోశాను.

నాలుగోసారి ఖౌలా వైపునుంచి మొదలుపెట్టి
సగం మందం నింపి ఆగాను.
ఇవతల ఒక గూడులా మిగిలింది.
ఆమె కత్తి పక్కన పెట్టి తొంగిచూసి
"ఇదేం పని?" అంది.
"రేపు పూర్తిచేస్తా" అన్నాను.
ఆ రేపటికి పదకొండు రోజులు.
గూట్లో కేను పెట్టిందట, కడిగి, మూత బిగించి.
ఎవరో చెప్పారు. నేను చూడలేదు.

ఎర్ర అక్షరాల మీద మూడు పూతలు సున్నం వేశాను.
తడి ఆరగానే మళ్లీ తేలుతున్నాయి,
గులాబీరంగులో, ముందుగా తేదీ.

ఇంకా పద్నాలుగు కన్నాలున్నాయి.
జిప్సం వంతెన అవతల దొరుకుతుంది.
వంతెన మీద చెక్‌పోస్టు.
రోజూ బస్తా మోస్తే
ఎవడి భుజమైనా ఏమవుతుంది?
అందుకని తలమీద పెట్టుకుంటున్నాను.
రాత్రి నా భార్య మెడకి ఆలివ్ నూనె రాస్తూ
ఎందుకని అడగదు.
పొద్దున్నే చొక్కా గుండీలు తనే పెడుతుంది,
గొంతుదాకా.